మీ ప్రశ్నలు – మా జవాబులు: పల్సర్ మూగబోయిందని ఎలా తేల్చాలి?

పోయిన సంచికలో పల్సర్ల మీద వేసిన వ్యాసానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వ్యాసం చదవనివారి కోసం రెండు ముక్కలు: పల్సర్ అంటే సూర్యుడి కంటే బరువైనా, అడ్డంగా పాతిక కిలోమీటర్లకు మించని న్యూట్రాన్ నక్షత్రం. గిరగిరా తిరిగే ఆ నక్షత్రపు అయస్కాంత ధ్రువం దగ్గర నుంచి రేడియో కిరణం బయలుదేరుతుంది. కళింగపట్నం లైట్‌హౌస్ వెలుగు తిరిగి తిరిగి పడవ మీద పడ్డట్టే, ఆ కిరణం భూమిని దాటిన ప్రతిసారీ మనకొక పల్స్ అందుతుంది. ఉత్తరాల్లో ముప్పాతిక వంతు అడిగింది ఒకటే. దీపం ఒకే లెక్కన తిరుగుతుంటే వెలుగెందుకు మారుతోంది అని.

*పల్సర్ అణు గడియారంతో పోటీపడుతుందన్నారు. రెండు పేరాల తర్వాత ఏ రెండు పల్సులూ ఒకలా ఉండవన్నారు. ఏది నిజం మాస్టారూ?*
— భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, టెక్కలి

రెండూ నిజమే. గడియారం ఉన్నది తిరగడంలో. సూర్యుడంత బరువున్న వస్తువు తిరుగుతుంటే ఆ తిరుగుడు అంత తేలిగ్గా మారదు. రేడియో వెలుగు పుట్టేది మాత్రం నక్షత్రంలో కాదు, ధ్రువం పైన కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తు వరకు ఉండే విద్యుత్ కణాల పలచటి ప్రవాహంలో. ఆ ప్రవాహం క్షణక్షణానికీ మారుతుంది. పలాస స్టేషన్‌కి రైలు రోజూ ఒకే టైముకి వస్తుందనుకుందాం, మాటవరసకే లెండి. టైము మారకపోయినా ఏ పెట్టెలో ఎంతమంది ఉన్నారన్నది రోజూ మారుతుంది కదా.

విడి పల్సులు ఎన్ని వంకరలు పోయినా, కొన్ని వందల నుంచి కొన్ని వేల పల్సులను ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తే వచ్చే ఆకారం మాత్రం ఆ పల్సర్‌కి వేలిముద్ర లాంటిది. ఏళ్ల తరబడి అదే వస్తుంది. గడియారంగా వాడేది ఈ సగటునే, విడి పల్సుని కాదు.

1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్, ఆంటొనీ హ్యూయిష్ పట్టుకున్న మొదటి పల్సర్ బీ1919+21 ఆవర్తన కాలం 1.337 సెకన్లు. కాగితపు చుట్ట మీద కలం గీసిన ఆ గీతల్లోనే పల్సుల ఎత్తులు హెచ్చుతగ్గులుగా ఉన్నాయి, కొన్నిచోట్ల పల్స్ కనపడనే లేదు. చిత్రమేమిటంటే 81.5 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే ఆ ఏరియల్‌ను కట్టింది పల్సర్ల కోసం కాదు, రేడియో మూలాలు మిణుకుమిణుకుమనడం చూడటానికి. అంటే మార్పును కొలిచే యంత్రానికే పల్సర్ దొరికింది. అప్పటినుంచీ ఈ రంగంలో మొదటి ప్రశ్న మారలేదు: కనిపించిన మార్పు చుక్కదా, దారిదా, మన పెట్టెదా?

*రెండు రోజుల తేడాతో తీసిన ఒకే పల్సర్ రికార్డింగులు చూశాను. మొదటి రోజున్న బలంలో రెండో రోజు సగం కూడా లేదు. నక్షత్రం నీరసించిందా?*
— ఎమ్మెస్సీ విద్యార్థిని, సాలూరు

దారిని ముందు అనుమానించండి. చుక్కల మధ్య ఖాళీలో ఎలక్ట్రాన్లు అక్కడక్కడా గుంపులు కట్టి ఉంటాయి. పల్సర్ నుంచి బయలుదేరిన తరంగాలు ఆ గుంపుల్లో వంగి, వేర్వేరు దారుల్లో వచ్చి మన దగ్గర కలుస్తాయి. కలిసినచోట ఒకసారి బలపడతాయి, ఒకసారి చెరిపేసుకుంటాయి. రాత్రి ఆకాశంలో చుక్క మిణుకుమంటుంది, గ్రహం మిణుకుమనదు. కారణం చుక్క మన కంటికి బిందువు, గ్రహం చిన్న బిళ్ల. రేడియోలో పల్సర్ అంతకన్నా చిన్న బిందువు. అందుకే దానికి మిణుకు ఎక్కువ.

400 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఈ మిణుకు మచ్చ నిమిషాల నుంచి గంటల దాకా ఉంటుంది. వెడల్పు కొన్ని కిలోహెర్ట్జ్ నుంచి కొన్ని మెగాహెర్ట్జ్. అంటే 408 దగ్గర మసకగా ఉన్న క్షణంలోనే 410 దగ్గర ధగధగలాడొచ్చు. ఇది కాక వారాలు, నెలల మీద సాగే నెమ్మది మిణుకు ఇంకొకటుంది.

తేల్చుకోవడానికి ఒక బొమ్మ చాలు. అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ వేసి, పల్స్ బలాన్ని రంగుతో చూపండి. మిణుకైతే వరిచేల మీద మబ్బు నీడల్లా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. నక్షత్రమే మూగబోతే, అంటే కొన్ని పల్సుల పాటు రేడియో వెలుగే పంపకపోతే, నిలువునా కత్తితో కోసినట్టుంటుంది: అన్ని ఛానళ్లలోనూ ఒకేసారి, ఒక పల్సుకీ మరో పల్సుకీ మధ్యనే. మూడో అనుమానితుడు యంత్రం. పల్సుతో పాటు పల్స్ లేనిచోటి రొద మట్టం కూడా మారితే అది రిసీవర్ గెయిన్ (సంకేతాన్ని పెంచే పాళ్లు) తేడా. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. పల్సర్ వెలుగు గట్టిగా ధ్రువితమై ఉంటుంది, అంటే దాని తరంగం ఎక్కువగా ఒకే దిశలో ఊగుతుంది. ఒకే దిశ డైపోల్‌తో (రెండు కడ్డీల ఏరియల్) తీస్తే, అయనోవరణం ఆ ధ్రువణ దిశను తిప్పినప్పుడల్లా బలం మారినట్టు కనిపిస్తుంది. రెండు డైపోల్‌లతో తీసి కలిపితే ఆ బెడద పోతుంది.

*బీ0031-07 పల్సర్‌వి 2,000 పల్సులు ప్రాజెక్టు కోసం దొరికాయి. ఒక హద్దు గీసి, దానికి దిగువనున్నవన్నీ మూగ పల్సులని లెక్కపెట్టాను. గైడు గారు ఒప్పుకోలేదు. తప్పెక్కడ?*
— డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి

మీ గైడుదే రైటు. ప్రతి పల్సులోనూ రొద కలిసుంటుంది. హద్దు కొంచెం పైకి జరిపితే బలహీనమైన మంచి పల్సులు మూగవాటిలో పడిపోతాయి, కిందకి జరిపితే రొద ఎగదన్నిన మూగ పల్సులు మంచివాటిలోకి దూరతాయి. గీత ఎక్కడ గీసినా మీకు నచ్చిన అంకే వస్తుంది. 1976 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి వేరు. అందులో విడి పల్సు మూగదా కాదా అని తీర్పు చెప్పరు. గుంపు మొత్తంలో మూగవి ఎంత శాతమో కడతారు.

ముందు 2,000 పల్సులూ పేర్చి సగటు ఆకారం తీయండి. పల్స్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో తెలుస్తుంది. దాన్ని పల్స్ కిటికీ అనుకుందాం. దానికి దూరంగా, సరిగ్గా అన్నే శాంపిళ్లున్న ఖాళీ కిటికీ ఒకటి ఎంచుకోండి. రెండు కిటికీలకీ చెందని మూడో భాగం నుంచి అడుగు మట్టం లెక్కగట్టి, ప్రతి పల్సులోంచీ తీసేయండి. ఎక్కువమంది కాలు జారేది ఇక్కడే. ఖాళీ కిటికీ నుంచే అడుగు మట్టం తీసుకుంటే ఆ కిటికీ శక్తులన్నీ సున్నా అయిపోతాయి, ఇక పోల్చడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు ఒక్కో పల్సుకి పల్స్ కిటికీలోని మొత్తం శక్తి, ఖాళీ కిటికీలోని మొత్తం శక్తి కట్టి, రెండు హిస్టోగ్రాములు వేయండి. ఖాళీ కిటికీది సున్నాకి అటూఇటూ సమంగా గుట్ట కడుతుంది, అంటే 2,000లో సుమారు 1,000 సున్నాకి దిగువన పడతాయి. పల్స్ కిటికీలో సున్నాకి దిగువన పడ్డవన్నీ మూగ పల్సుల సగమే, ఎందుకంటే నిజంగా వెలుగున్న పల్సు శక్తి రుణసంఖ్య కాదు. మాటవరసకి అక్కడ 410 వచ్చాయనుకోండి. 410ని 1,000తో భాగిస్తే 0.41. అంటే 41 శాతం మూగవి. పొరపాటు హద్దు 410కి వర్గమూలం, సుమారు 20. అంటే రెండు శాతం అటూఇటూ. మీ పల్సర్‌కి 40కి దగ్గరగా వస్తే లెక్క దారిలో ఉన్నట్టే.

ఇంతటితో చేతులు దులుపుకోకండి. శక్తి వరసలో అట్టడుగునున్న 41 శాతం పల్సులనీ పేర్చి మళ్లీ సగటు తీయండి. గీత చదునుగా వస్తే సరే. పల్స్ ఉండాల్సిన చోట చిన్న బుడిపె లేచిందంటే అందులో బతికున్న బలహీన పల్సులు ఉన్నట్టు. అప్పుడు మీ 41ని గరిష్ఠ హద్దుగానే రాయాలి. దారి మిణుకు వల్ల రికార్డింగు మొదట్లో బలంగా, చివర్లో నీరసంగా ఉంటే 200 పల్సులకొక దండ చొప్పున విడదీసి, ఆ దండ సగటుతో భాగించాలి. పల్స్ కిటికీనీ ఖాళీ కిటికీనీ ఒకే అంకెతోనే భాగించాలి సుమా. దండ మొత్తం దాదాపు మూగదైతే సగటు సున్నాకి దగ్గరగా ఉండి, భాగించగానే రొద కొండెక్కుతుంది. అలాంటి దండకి పక్క దండల అంకె వాడండి.

డేటా ఏ రూపంలో ఉందో కూడా ఒకసారి చూసుకోండి. పది సెకన్లకొక ముద్దగా పేర్చి దాచిన ఫైలైతే అందులో మూగ పల్సులు వెతకడం వృథా. పది పల్సులు కలిసిపోయాక మధ్యలో నాలుగు మాట్లాడాయా, ఆరు మాట్లాడాయా అన్నది ఎవరూ చెప్పలేరు.

శాతం ఒక్కటే రాసి ఊరుకోవద్దని మా సలహా. బీ0031-07లో మూగ పల్సులు విడివిడిగా కాకుండా గుంపులుగా వస్తాయి. పదులకొద్దీ పల్సులు మాట్లాడి, పదులకొద్దీ ఊరుకుంటుంది. అదే 40 శాతం ఇంకో పల్సర్‌లో ఒక్కొక్కటిగా చెదిరి ఉండొచ్చు. శాతం ఒకటే, రోగం వేరు. ఎన్ని పల్సుల మౌనం ఎన్నిసార్లు వచ్చిందో పట్టిక వేస్తే ప్రాజెక్టులో ఆ పట్టికే అసలు సరుకు.

*మూగబోయినప్పుడు పల్సర్ తిరగడం ఆపేస్తుందా? మళ్లీ ఎవరు తిప్పుతారు?*
— జీడిపప్పు వ్యాపారి, పలాస

ఆగదు. మౌనం తర్వాత వచ్చే మొదటి పల్సు, మౌనం లేకపోతే ఎప్పుడు రావాలో సరిగ్గా అప్పుడే వస్తుంది. అయితే మీ ప్రశ్నలో ఒక కొస నిజం ఉంది. బీ1931+24 అనే పల్సర్ 5 నుంచి 10 రోజులు మాట్లాడి, 25 నుంచి 35 రోజులు పూర్తిగా ఊరుకుంటుంది. 2006లో దాని లెక్కలు తేలినప్పుడు తెలిసిందేమిటంటే, మాట్లాడే రోజుల్లో దాని తిరుగుడు మందగించే వేగం, ఊరుకున్న రోజుల కంటే 50 శాతం ఎక్కువ. ధ్రువాల నుంచి పారే కణాల ప్రవాహం నక్షత్రానికి బ్రేకులాంటిది. ప్రవాహం ఆగితే వెలుగూ పోతుంది, ఆ బ్రేకూ వదులవుతుంది. అంటే మౌనం పైపై సంగతి కాదు, నక్షత్రం చుట్టూ దాని అయస్కాంత పట్టులో ఉండే అయస్కాంత గోళం మొత్తం సర్దుకుంటోంది. 2010లో మరికొన్ని పల్సర్లలోనూ పల్స్ ఆకారం మారిన కాలంలోనే మందగించే వేగమూ మారినట్టు కనిపించింది.

పూర్తిగా మూగబోకుండా రెండు మూడు స్థిరమైన ఆకారాల మధ్య ఉన్నట్టుండి మారేవాటి తీరును మోడ్ మార్పు అంటారు. బీ0943+10 పల్సర్‌ని ఒకేసారి రేడియోలోనూ, ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఉపగ్రహం నుంచి ఎక్స్‌కిరణాల్లోనూ చూశారు, ఫలితం 2013లో వచ్చింది. రేడియో బలంగా ఉన్నప్పుడు ఎక్స్‌కిరణాలు తగ్గాయి, రేడియో నీరసించగానే ఎక్స్‌కిరణాలు రెట్టింపు పైగా పెరిగాయి. ఎందుకన్నది ఇప్పటికీ వాదనలోనే ఉంది. రేడియో వైపు ఆ పనిలో మన పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ కూడా ఉంది.

*'జారే ఉప పల్సులు' అన్న మాట ఎన్నిసార్లు చదివినా తలకెక్కలేదు. ఏది జారుతుంది? ఎక్కడికి?*
— గృహిణి, చీపురుపల్లి

పైడితల్లమ్మ పండగలో రంగులరాట్నం ఊహించుకోండి. రాట్నానికి ఇరవై గుర్రాలు, ఒక్కో గుర్రానికి ఒక్కో దీపం. మీరు గోడ సందులోంచి చూస్తున్నారు. ఆ సందు కూడా ఎప్పుడూ తెరిచి ఉండదు, సెకనుకొకసారి తెరుచుకుని మూసుకుంటుంది. తెరిచినప్పుడల్లా రెండు దీపాలు కనిపిస్తాయి, పోయినసారి చూసిన చోటు నుంచి కొంచెం పక్కకి జరిగి ఉంటాయి. ఆ సందు తెరుచుకోవడమే పల్సు. అందులోని దీపాలు ఉప పల్సులు. పక్కకి జరగడమే జారడం.

గుర్రాలు అంటే ధ్రువం మీద రాజుకునే విద్యుత్ మెరుపులు. ధ్రువం చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రమూ అయస్కాంత క్షేత్రమూ కలిసి వాటిని గుండ్రంగా తోస్తాయని 1975లో రూడర్మన్, సదర్లాండ్ సూచించారు. 1999లో బెంగళూరు రామన్ పరిశోధనా సంస్థకు చెందిన అవినాశ్ దేశ్‌పాండే, జోవన్నా రాంకిన్‌తో కలిసి బీ0943+10లో గుర్రాలనే లెక్కపెట్టేశారు. ఇరవై. రాట్నం ఒక చుట్టు తిరగడానికి నక్షత్రం 37 సార్లు తిరగాలి, అంటే సుమారు 41 సెకన్లు. ఇంగ్లిషులో ఆ నమూనాకి పెట్టిన పేరుకి అర్థం కూడా రంగులరాట్నమే.

ఇందులో ఒక కిటుకుంది. ట్యూబులైటు వెలుతురులో ఫ్యాను రెక్కలు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం చూసే ఉంటారు. సందు తెరుచుకునేలోపు ఒక గుర్రం పోయి దాని చోటికి ఇంకోటి దాదాపు వచ్చేస్తే, రాట్నం ముందుకి తిరుగుతున్నా వెనక్కి తిరుగుతున్నట్టే అనిపిస్తుంది. అందుకని జారుడు దిశ చూసి రాట్నం ఎటు తిరుగుతోందో చెప్పేయకూడదు. 1.29 సెకన్ల బీ0809+74లో 11 పల్సులకొకసారి పాత చోటికి కొత్త దీపం వస్తుంది. అది మూగబోయి మళ్లీ మాట్లాడినప్పుడు జారుడు కొంత నెమ్మదించి, తర్వాత మామూలు వేగానికి చేరుకుంటుంది. వెలుగు ఆగినా, రాట్నం ఎక్కడున్నదీ గుర్తుపెట్టుకున్నట్టుంటుంది.

*అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద మార్చి, అక్టోబరు నెలల్లోనే పడతాయి. పల్సర్ కిరణం కూడా కొన్నాళ్లు మన మీద పడి, తర్వాత తప్పిపోతుందా?*
— భక్తుడు, శ్రీకాకుళం

ఒంటరి పల్సర్‌లో అలా జరగదు, అక్షం ఎటుందో అటే ఉంటుంది. జంటలో ఉంటే జరుగుతుంది. 1974లో ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోప్‌కి దొరికిన బీ1913+16 ఇంకో న్యూట్రాన్ నక్షత్రం చుట్టూ తిరుగుతోంది. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం దాని తిరుగుడు అక్షం ఏడాదికి 1.2 డిగ్రీలు పక్కకి వాలుతుంది. దాంతో మనం కిరణాన్ని వేరే వేరే చోట్ల కోస్తున్నట్టవుతుంది, సగటు ఆకారమే ఏళ్ల మీద మారిపోతుంది. మంచి పోలిక పంపారు.

*కొన్ని పల్సర్లు మామూలు పల్సు కంటే వందల రెట్లు పెద్ద పల్సు విసురుతాయట. అది చుక్క పేలడమా?*
— ఇంటర్ విద్యార్థి, ఆమదాలవలస

కాదు. వాటిని మహా పల్సులంటారు. పీత నీహారికలోని పల్సర్‌ని 1968లో మొదట పట్టించింది అవే. దాని ఆవర్తన కాలం 33 మిల్లీసెకన్లు. మహా పల్సు అందులో మైక్రోసెకన్ల లెక్కన ఉంటుంది, దాని లోపలి పోగులు ఇంకా సన్నం. 2007లో ప్రచురించిన కొలతలో ఒక మెరుపు 0.4 నానోసెకను ఉంది. ఆ వ్యవధిలో కాంతి 12 సెంటీమీటర్లే నడుస్తుంది. సాపేక్ష వేగాల సవరణలు పక్కనపెడితే, అన్ని వేల కాంతి సంవత్సరాల దూరం నుంచి మనకు తెలిసిన ఆ వెలుగు పుట్టినచోటు జానెడు కూడా లేదు.

దీనికి ఎదురు కొసన ఉన్నవి కూడా ఉన్నాయి. 2006లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్ డేటాలో దొరికిన 11 వస్తువులు 2 నుంచి 30 మిల్లీసెకన్ల మెరుపొకటి విసిరి, నాలుగు నిమిషాల నుంచి మూడు గంటల దాకా ఊరుకుంటాయి. పేర్చి చూసే పద్ధతికి అవి చిక్కవు. ఒక్కో మెరుపునీ విడిగా వెతకాల్సిందే.

*మాది టీవీ, సెట్‌టాప్ బాక్సులు బాగుచేసే షాపు. పాత కేబుల్ ఆపరేటరు దగ్గర పదడుగుల జాలీ డిష్ ఉంది. దాంతో పల్సర్ పట్టగలనా? మూగబోవడం చూడగలనా?*
— మెకానిక్, రాజాం

మొదటిది కష్టపడితే అవుతుంది. రెండోది కాదు. ఎందుకో లెక్కతో చెప్తాం, చదివాకే డబ్బు పెట్టండి.

ఉత్తరాన బాగా బలమైనది బీ0329+54. ఆవర్తన కాలం 0.7145 సెకన్లు, 400 మెగాహెర్ట్జ్ దగ్గర సగటు బలం 1.5 జాన్‌స్కీ (రేడియో వెలుగు బలానికి కొలమానం). పదడుగుల డిష్, 150 కెల్విన్ రొద, 2 మెగాహెర్ట్జ్ పట్టీ అనుకుంటే ఒక్క పల్సు ఎత్తు రొదలో దాదాపు ఏడో వంతే ఉంటుంది. అందుకే విడి పల్సు మీకు కనపడదు, మూగబోయినా తెలియదు. రెండు గంటల్లో పదివేల పైచిలుకు పల్సులు వస్తాయి. అవన్నీ పేర్చితే కాగితం మీద రొదకి 15 రెట్లు లేస్తుంది. డిష్ ఫీడు నష్టాలు, పట్టీలో అంతరాయాలు తీసేస్తే 6 వచ్చినా గెలిచినట్టే.

డిష్ మీదున్న సీ బ్యాండ్ ఎల్‌ఎన్‌బీ విప్పేయండి, అది 4 గిగాహెర్ట్జ్ సరుకు. 408 మెగాహెర్ట్జ్‌కి తరంగదైర్ఘ్యం 73.5 సెంటీమీటర్లు, దగ్గర దగ్గర 35 సెంటీమీటర్ల డైపోల్, దాని వెనక 18 సెంటీమీటర్ల దూరంలో రేకు పళ్లెం పెట్టి ఫోకస్ దగ్గర బిగించండి. జాలీ కన్నాలు ఈ తరంగానికి లెక్కలోకి రావు, చిరుగులు మాత్రం కట్టండి. 406.1 నుంచి 410 వరకు రేడియో ఖగోళశాస్త్రానికి కేటాయించిన పట్టీ కాబట్టి అక్కడే ఉండండి. రొద అంకె 0.5 డెసిబెల్‌కి మించని ఎల్‌ఎన్‌ఏ (తక్కువ రొదతో సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్) డైపోల్ దగ్గరే ఉండాలి. కింద షాపులో పెట్టి పది మీటర్ల కేబుల్ లాగారంటే కేబుల్ నష్టమంతా రొదగా మారి మీ శ్రమ అక్కడే పోతుంది. ఎల్‌ఎన్‌ఏ తర్వాత ఫిల్టర్, ఆపైన టీసీఎక్స్‌ఓ (వేడికి అంతగా జారని గడియార స్ఫటికం) ఉన్న ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ (యూఎస్‌బీ రేడియో రిసీవర్), ల్యాప్‌టాప్.

డిష్ తిప్పక్కర్లేదు. పల్సర్ మన ఆకాశంలో ఉత్తరం వైపు 54 డిగ్రీల ఎత్తున నడినెత్తి రేఖ దాటుతుంది. డిష్‌ని అక్కడికి గురిపెట్టి బిగించేస్తే, దాని చూపు 17 డిగ్రీల వెడల్పు కాబట్టి చుక్క దాటడానికి రెండు గంటలు పడుతుంది. నవంబరు నడుమ ఈ దాటడం అర్ధరాత్రికి వస్తుంది. ఆ నెల తుపాన్లదని మీకు వేరే చెప్పక్కర్లేదు, కాళ్లకి కాంక్రీటు ముందే పోయండి.

తప్పు జరిగే చోట్లు మూడు. ఒకటి, చెదురు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ ముందొస్తుంది, తక్కువ వెనకొస్తుంది. 408 దగ్గర 2 మెగాహెర్ట్జ్‌లో ఈ పల్సర్‌కి తేడా 6.5 మిల్లీసెకన్లు, పల్సు వెడల్పూ దాదాపు అంతే. అందుకని పట్టీని కనీసం 16 ఛానళ్లు చేసి, ఒక్కోదాన్ని దాని ఆలస్యం మేరకు జరిపి కలపాలి. రెండు, ఆవర్తన కాలం. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్లు పరుగెడుతుంది. కేటలాగు అంకెని అలాగే పెట్టి పేర్చితే, కొన్ని నెలల్లో రెండు గంటలకి అర సెకను పైగా జారిపోయి పల్సు మొత్తం పులిమేసినట్టవుతుంది. ఆ రోజుకి, మీ ఊరికి సరిపడే కాలాన్ని టెంపో2 లాంటి ఉచిత ప్రోగ్రాముతో కట్టించుకోండి. పేర్చడానికి ప్రెస్టో ఉంది. మూడు, యూఎస్‌బీ దారిలో శాంపిళ్లు పోవడం. ఒక్క ముక్క పోయినా ఆ తర్వాత పల్సులన్నీ జరిగిపోతాయి. నెమ్మది ల్యాప్‌టాప్ వద్దు, రికార్డు చేసేటప్పుడు ఇంకో పని చేయొద్దు. ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు ఆర్పేసి బ్యాటరీ మీద నడపండి.

ఏదో బుడిపె లేచిందని సంబరపడేముందు నాలుగు పరీక్షలు పెట్టండి. చెదురు ఎంతో చెప్పే అంకె (కేటలాగులో డీఎం) 26.8 దగ్గర బుడిపె పెద్దదై, సున్నా దగ్గర తగ్గాలి. కాలం కొంచెం మార్చి పేర్చితే మాయమవ్వాలి. డిష్ వేరే వైపు తిప్పి తీస్తే రాకూడదు. మర్నాడు నాలుగు నిమిషాలు ముందుగా రావాలి, ఎందుకంటే చుక్కల రోజు మన రోజు కంటే 3 నిమిషాల 56 సెకన్లు తక్కువ. ఈ నాలుగోది ఊళ్లో ఏ మోటారూ, ఏ స్టార్టరూ చేయలేని పని.

రెండో ఏడాది వెలా పల్సర్ మీద పడండి. 400 దగ్గర అది దీనికి మూడు రెట్లు బలం. ఐరోపాలో చాలామందికి దిగంతం దాటని చుక్క మనకి దక్షిణాన 26 డిగ్రీల ఎత్తుకి వస్తుంది, జనవరి నెలాఖరున అర్ధరాత్రికి. భోగాపురం, కళింగపట్నం తీరాల్లో ఆ వైపు సముద్రమే కాబట్టి రొద చేసే ఊళ్లు తక్కువ. కాకపోతే ఆవర్తనం 89 మిల్లీసెకన్లే, చెదురు 2 మెగాహెర్ట్జ్‌కి 16 మిల్లీసెకన్లు దాటుతుంది. ఛానళ్లు 64 అయినా చేయాలి.

మూగబోవడం చూడాలన్న కోరిక మాత్రం డిష్‌తో తీరదు. పార్క్స్ టెలిస్కోప్ పాత డేటా ఉచితంగా దొరుకుతుంది. అందులో విడి పల్సులున్న ఫైలు తెచ్చుకుని, పైన బొబ్బిలి విద్యార్థికి చెప్పిన లెక్క వేయండి.

*పల్సర్ శబ్దం అని యూట్యూబులో వినిపిస్తున్నది నిజంగా చుక్క చప్పుడేనా?*
— తొమ్మిదో తరగతి, నరసన్నపేట

చుక్క నుంచి చప్పుడు రాదమ్మా, మధ్యలో గాలి లేదు. వచ్చిన రేడియో బలాన్ని స్పీకరుకి ఇస్తే వినిపించే చప్పుడది. బీ0329+54 తలుపు తట్టినట్టుంటుంది. వెలా సెకనుకి 11 సార్లు కొడుతుంది. పీత పల్సర్ 30 సార్లు, అది బరబరమనే మోత. బీ1937+21 సెకనుకి 642 సార్లు తిరుగుతుంది, అది ఇక దెబ్బ కాదు, సన్నాయి స్వరం. బీ0031-07 రికార్డింగు దొరికితే వినండి. కాసేపు కొట్టి ఉన్నట్టుండి ఆగిపోతుంది, అర నిమిషం తర్వాత మళ్లీ మొదలెడుతుంది. స్పీకరు పాడైందని తీగలు పీకేయకండి.